పాత కారు లోపల కొత్త రంగు

చీరకు సరిపోయే జాకెట్టు గుడ్డ కొనడానికి బజారుకు వెళ్ళినవారిని మీరెప్పుడైనా గమనించారా? దుకాణంలో గుమాస్తా పది రకాల గుడ్డలు పరుస్తాడు. వాటిలో ఒకటి చీర రంగులో అచ్చంగా కలిసిపోయినట్లు కనిపిస్తుంది. అయినా అనుభవం గల గృహిణి అక్కడికక్కడే డబ్బు చెల్లించదు. చీర చెంగునూ, గుడ్డ ముక్కనూ పట్టుకొని గుమ్మం దాటి ఎండలోకి వెళ్ళి చూస్తుంది. ఒక్కొక్కప్పుడు లోపల కలిసిన రంగులు బయట విడిపోతాయి. ఆమె చేసినది ఒక మంచి భౌతికశాస్త్ర ప్రయోగం. ఆ ప్రయోగం చేయడం మరచి నేను ఒక పాత కారు విషయంలో మోసపోయాను. నన్ను మోసగించినది మా కళాశాల ప్రయోగశాలలోని ట్యూబు దీపమే.

కాకినాడలో మా మేనమామగారికి ఒక అంబాసిడర్ కారు ఉన్నది. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారు నమూనా మీద హిందుస్థాన్ మోటార్స్ వారు పశ్చిమ బెంగాలులోని ఉత్తరపాడాలో తయారుచేస్తూ వచ్చిన ఈ కారు 1950ల చివర మొదలై 2014లో ఆగిపోయింది. ఇంజను భాగాలు వెదికితే ఎక్కడో ఒకచోట దొరుకుతాయి. కాని లోపలి తలుపు పలకల రెక్సిను, స్టీరింగు కడ్డీ మీది ప్లాస్టిక్ తొడుగు వంటివి అదే రంగులో కావలెనంటే దొరకడం దుర్లభం. కనుక ఉన్నవాటికే రంగు వేసుకోవలె. అవి కాస్తా చెడితే మళ్ళీ రావు. అమెరికాలోనూ ఇంగ్లండులోనూ పాత కార్లను బాగుచేసుకొనేవారికి ఇదే చిక్కు. ఆ దేశాలలో ఒకప్పుడు కారు లోపలి భాగాలను ఎరుపు, నీలం, ఆకుపచ్చ మొదలైన రకరకాల రంగులలో చేసేవారు. ఇప్పుడు పాత సామానులో నల్లని భాగం దొరికితే, దానిని తమ కారు రంగుకు మార్చుకొనడమే వారికి మార్గం. అందుకోసం అక్కడ స్ప్రే డబ్బాలూ, ‘రెక్సిను డై’ అనే సీసాలూ అమ్ముతారు.

“ఏరా, కాలేజీలో పిల్లలకు రంగుల పాఠాలు చెబుతావు గదా, మన కారుకు ఒక రంగు కలపలేవూ?” అన్నారు మామయ్యగారు ఒక వేసవి సెలవులలో. కలపగలననే అనుకొన్నాను. తలుపు పలకను ఊడదీసి, దాని వెనుకకు మడిచి అంటించిన రెక్సిను అంచు నుంచి గోరంత ముక్క కత్తిరించాను. ఎండ ఎన్నడూ సోకని ఆ ముక్క లేత గోధుమరంగులో, కారు కొన్ననాటి రంగులో ఉన్నది. దానిని ప్రయోగశాలకు తీసుకొనిపోయి, తెలుపులో పసుపు, కొంచెం నీలం, కొంచెం ఎరుపు చేరుస్తూ, రెండూ పక్కపక్కన పెడితే మధ్య గీత కూడా కనిపించనంతవరకు కలిపాను. రెండు తలుపు పలకలకు పిచికారీ చేశాను. పెరట్లోకి తెచ్చి సీటు పక్కన నిలబెట్టగానే మామయ్యగారు కళ్ళజోడు సవరించుకొని, “ఇది గోధుమరంగా, పెసరరంగా?” అన్నారు. నిజమే, ఆకుపచ్చ జీర స్పష్టంగా కనిపిస్తున్నది.

ఎందుకిట్లా జరిగింది? మన కంటికి కనిపించే కాంతి తరంగదైర్ఘ్యం సుమారు 400 నుంచి 700 నానోమీటర్ల వరకు ఉంటుంది. ఒక వస్తువు ఈ మేరలో ఒక్కొక్క తరంగదైర్ఘ్యాన్ని ఒక్కొక్క పాళ్ళలో పరావర్తనం చేస్తుంది. ఆ పాళ్ళను గీతగా గీస్తే ఒక వంకర రేఖ వస్తుంది. వస్తువుకు సంబంధించినంతవరకు రంగు అంటే ఆ రేఖే. కాని కంటికి ఆ రేఖ మొత్తం అందదు. రెటీనాలోని శంకుకణాలు మూడే రకాలు. వాటి స్పందన సుమారు 420, 530, 560 నానోమీటర్ల దగ్గర హెచ్చుగా ఉంటుంది. ఒక్కొక్క రకం తనకు చేరిన కాంతినంతా కలిపి ఒకే మొత్తంగా మెదడుకు చెబుతుంది. అంత పొడవైన రేఖ మూడు అంకెలుగా కుదించుకొనిపోతుంది.

ఉపాధ్యాయులకు బాగా తెలిసిన ఉదాహరణ ఒకటి చెబుతాను. ఒక విద్యార్థికి తెలుగు, గణితం, సామాన్యశాస్త్రం మూడింటిలోనూ 60 చొప్పున వచ్చినవి, మొత్తం 180. మరొకనికి తెలుగులో 80, గణితంలో 40, సామాన్యశాస్త్రంలో 60. మొత్తం అదే 180. మొత్తాలు మాత్రమే చూసేవారికి ఇద్దరూ ఒకటే. ఇప్పుడు గణితం మార్కులను రెట్టింపు చేసి లెక్కించాలని నియమం మారిందనుకోండి. మొదటివానికి 240, రెండవవానికి 220. విద్యార్థులు మారలేదు, కొలబద్ద మారింది. ఇక్కడ తరంగదైర్ఘ్యాలు సబ్జెక్టుల వంటివి. దీపం ఏ తరంగదైర్ఘ్యానికి ఎంత బరువు ఇస్తుందో నిర్ణయించే నియమం వంటిది. నా రంగూ, రెక్సిను రంగూ ట్యూబు దీపం కింద ఒకే మొత్తాలు తెచ్చుకొన్న ఇద్దరు వేర్వేరు విద్యార్థులు. సూర్యుడు వేరే నియమంతో లెక్కపెట్టాడు. ఇట్లా ఒక వెలుతురులో కలిసి మరొక వెలుతురులో విడిపోయే గుణాన్ని మెటామెరిజం అంటారు.

దీపాలలో ఇంత తేడా ఉన్నదా అని సందేహించేవారు ఒక పాత సి.డి.ని తీసుకోండి. దాని మీది సన్నని గాళ్ళు కాంతిని విడగొడతాయి. ట్యూబు దీపం వెలుగును దానిలో చూస్తే రంగులు తెగి తెగి పట్టీలుగా కనిపిస్తాయి. వాటిలో పాదరసపు ఆవిరి ఇచ్చే 546 నానోమీటర్ల ఆకుపచ్చ, 436 నానోమీటర్ల ఊదా చాలా ప్రకాశంగా ఉంటాయి. తెల్లని ఎల్.ఇ.డి. దీపంలో పట్టీలు కలిసిపోయి, 450 దరిదాపుల నీలం మాత్రం దట్టంగా ఉంటుంది. పాతకాలపు తీగ బల్బు ఎరుపు వైపు ఒరుగుతుంది. సూర్యుని వెలుగును తెల్లగోడ మీద పడనిచ్చి, ఆ గోడ ప్రతిబింబాన్ని మాత్రమే సి.డి.లో చూడవలె, సూర్యుని నేరుగాగాని, సి.డి.లోగాని చూడరాదు.

ఈ చిక్కును ఎదుర్కొనడానికి 1931వ సంవత్సరం రెండు విధాల ముఖ్యమైనది. ఆ సంవత్సరం అంతర్జాతీయ దీపన సంఘంవారు, ఇంగ్లండులో రైట్, గిల్డ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు విడివిడిగా చేసిన కొలతల ఆధారంగా ‘ప్రామాణిక పరిశీలకుడు’ అనే సగటు కంటిని అంకెలలో నిర్ణయించారు. ఆ సంవత్సరమే కుబెల్కా, ముంక్ అనేవారు పెయింటు పొరలో కాంతి ఎంత చెదురుతుంది, ఎంత ఇంకిపోతుంది అన్నదానిని సమీకరణాలలో పెట్టారు. నేడు పెయింటు దుకాణాలలో నమూనాను యంత్రం ముందు పెట్టి రంగు కలుపుతారే, దాని వెనుక ఉన్నవి ఇవే. ఆ యంత్రం తరంగదైర్ఘ్యం వారీగా పరావర్తనాన్ని కొలిచి, ఏ వర్ణద్రవ్యం ఎన్ని పాళ్ళు వేయవలెనో లెక్క కడుతుంది.

యంత్రం లేనివారికి ఒక మంచి ఉపాయం ఉన్నది: మొదట తయారుచేసినవారు వాడి ఉండగల వర్ణద్రవ్యాలనే వాడడం, అదీ వీలైనంత తక్కువ రకాలు. గోధుమ, మట్టి రంగులకు సాధారణంగా వాడేవి ఐరన్ ఆక్సైడులు. మన పల్లెలలో గోడ అంచులకు పూసే జాజులోని ఎరుపు ఐరన్ ఆక్సైడుదే. పసుపుమన్నులోని పసుపు కూడా ఇనుముదే. అందులో నీరు చేరి ఉంటుంది. వీటికి తెలుపు, నలుపు కలిపితే చాలావరకు గోధుమరంగులన్నీ వస్తాయి. పైగా ఇవి ఎండకు త్వరగా వెలిసిపోవు. నేను చేసిన తప్పు, పసుపునూ నీలాన్నీ కలిపి అదే రంగును అడ్డదారిన తెచ్చుకోవడం.

ఇక ‘డై’ అనే మాట. డై అంటే రంజకద్రవ్యం. అది ద్రవంలో అణువులుగా కరిగిపోతుంది. వర్ణద్రవ్యం కరగదు, సన్నని రేణువులుగా తేలుతుంది. ఒక గ్లాసు నీళ్ళలో సిరా చుక్క, మరొక గ్లాసులో సున్నపు తేట గాక అడుగున ఉన్న తెల్లని సున్నం కలిపి చూడండి. సిరానీళ్ళు రంగుగా ఉన్నా వాటి గుండా అక్షరాలు కనిపిస్తాయి. సున్నపునీళ్ళు అక్షరాలను కప్పేస్తాయి. అందుచేత నిజమైన రంజకంతో ముదురు వస్తువును లేతగా మార్చడం సాధ్యం కాదు. అది కాంతిని మింగగలదే గాని అదనంగా వెనుకకు పంపలేదు. నల్లని పలకను గోధుమరంగుకు మార్చవలెనంటే కాంతిని చెదరగొట్టే టైటానియం డయాక్సైడు వంటి తెల్ల రేణువు ఉండి తీరవలె. రెక్సినుకు ‘డై’ అని అమ్మే సీసాలలో ఎక్కువ భాగం నిజానికి పలుచని పెయింటే: వర్ణద్రవ్యమూ, సాగే రెసినూ, రెక్సిను పైపొరను కాస్త మెత్తబరచే ద్రావణీ అందులో ఉంటాయి. ద్రావణి పైపొరలోకి చొరబడడం వల్ల కొత్త పొర పాతదానితో అల్లుకొనిపోతుంది. తోలు సంగతి వేరు. దానికీ, నైలాను తివాచీకీ అసలైన రంజకాలు పట్టుకొంటాయి.

రెక్సిను అనేది మొదట ఇంగ్లండులో సెల్యులోజు నైట్రేటుతో చేసిన కృత్రిమ తోలుకు వ్యాపారనామం. నేడు మనం ఆ పేరుతో పిలిచేది సాధారణంగా గుడ్డ మీద పి.వి.సి. పూత. పి.వి.సి. స్వతహాగా నీళ్ళగొట్టంలా బిరుసైనది. దానిలో నూనె వంటి ద్రవాలను చేర్చి మెత్తగా చేయవచ్చునని 1926లో అమెరికాలో వాల్డో సీమన్ కనిపెట్టాడు. ఈ ద్రవాలు పి.వి.సి.తో రసాయనికంగా బంధించుకొని ఉండవు. పెద్ద అణువుల సందులలో దూరి ఉంటాయి. ఏళ్ళు గడిచినకొద్దీ, ముఖ్యంగా ఎండలో నిలిపిన కారులో, కొద్దికొద్దిగా బయటికి వస్తాయి. కారు ముందు అద్దం లోపలివైపు వేలు పెడితే తగిలే జిడ్డు పొరలో దీని వాటా ఉంటుంది. మిగిలిన రెక్సిను బిరుసెక్కి చీలుతుంది. రంగు వేసేవారికి దీనివల్ల రెండు ఇబ్బందులు. మామూలు గట్టి పెయింటు వేస్తే, మనిషి కూర్చుని లేచే చోట పెంకులా పగులుతుంది. తగని పెయింటు వేస్తే లోపలి నూనె దానిలోకి పాకి ఎప్పటికీ జిగటగా ఉండిపోతుంది. చీలిపోయిన రెక్సినును ఏ రంగూ అతకలేదు.

గట్టి ప్లాస్టిక్కు భాగాల విషయంలో, అది ఏ ప్లాస్టిక్కో తెలుసుకొనకుండా డబ్బా ఎత్తకూడదు. ఎ.బి.ఎస్. అనే రకానికి రంగు చక్కగా పడుతుంది. పాలీప్రొపిలీను మొండిది. తామరాకు మీద నీటిబొట్టు సామెత మనకు తెలిసినదే. పాలీప్రొపిలీను మీద కూడా నీరు పరచుకొనక బొట్టుగా నిలుస్తుంది. నీటి తలతన్యత మీటరుకు సుమారు 72 మిల్లీన్యూటన్లు కాగా, పాలీప్రొపిలీను తలశక్తి అదే కొలతలో 30 దరిదాపులే. పెయింటు తలతన్యత నీటికన్న చాలా తక్కువ గనుక అది ఎట్లాగో పరచుకొన్నా పట్టు మాత్రం దొరకదు. మామూలు ద్రావణులు ఆ ప్లాస్టిక్కును మెత్తబరచలేవు. దాని అణువులలో పెయింటును ఆకర్షించే ధ్రువ భాగాలు లేవు. ఆరిన తరువాత పొర పొరగా ఊడివస్తుంది. దీనికి క్లోరిను చేర్చిన పాలీఓలిఫిను పూతను ముందుగా ఒక పలుచని వరసగా వేస్తారు. అది ఒక వైపు పాలీప్రొపిలీనుకు చుట్టం, మరొక వైపు పెయింటుకు చుట్టం.

గుర్తుపట్టడం బడిలో కూడా చేయవచ్చు. భాగం వెనుకవైపు నుంచి చిన్న చీలిక తీసి నీటిలో వేసి, గాలిబుడగలు అంటకుండా ముంచి వదలండి. పాలీప్రొపిలీను సాంద్రత ఘన సెంటీమీటరుకు సుమారు 0.9 గ్రాములు, తేలుతుంది. ఎ.బి.ఎస్. సుమారు 1.05, మునుగుతుంది. నీటిలో ఉప్పు ఇక కరగనంతవరకు కలిపితే సాంద్రత 1.2కు చేరుతుంది, అప్పుడు ఎ.బి.ఎస్. తేలి, నీళ్ళగొట్టపు పి.వి.సి. ముక్క ఇంకా అడుగునే ఉంటుంది. సుద్ద వంటి పొడులు నింపిన పాలీప్రొపిలీను కూడా మునగవచ్చు గనుక ఈ పరీక్షను వేదవాక్యంగా తీసుకోరాదు.

మా మామయ్యగారి కారులో స్టీరింగు తొడుగు ముక్క మునిగింది. గేరు దగ్గర తరువాతి కాలంలో ఎవరో అమర్చిన నల్లని చిన్న అర మాత్రం తేలింది. అయితే ఈ పరీక్ష నేను చేసినది రంగు వేసిన తరువాత! అర మీది రంగు వారం తిరగకముందే చేతికి వచ్చింది.

మరొక శత్రువు డాష్‌బోర్డు మెరుపు కోసం పూసే ద్రవం. అందులో సాధారణంగా సిలికోను నూనె ఉంటుంది. దాని తలతన్యత పెయింటుకన్న తక్కువ కావడంతో, ఆ నూనె మచ్చ ఉన్నచోటల్లా పెయింటు వెనుకకు జరిగి గుండ్రని గుంటలు ఏర్పడతాయి. వీటిని పనివారు చేపకళ్ళు అంటారు. కాబట్టి ముందు సబ్బునీటితో మెత్తని కుంచె పెట్టి రుద్ది కడగవలె. ఆరిన తరువాత ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో, తరచు గుడ్డ మారుస్తూ తుడవవలె. అదే గుడ్డతో తుడిస్తే నూనెను ఒకచోటి నుంచి మరొకచోటికి పూసినట్లే. ఎ.బి.ఎస్. మీద ఎసిటోను వాడకూడదు, అది ప్లాస్టిక్కునే కరిగిస్తుంది. కడిగిన తరువాత ఒకసారి ఆగి చూడండి. వెలిసిందనుకొన్న రంగు చాలాసార్లు మురికే. అట్లాంటి భాగానికి రంగు వేయకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

పెయింటు స్ప్రే డబ్బాను 1949లో అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో, సికమోర్ అనే ఊళ్ళో ఎడ్వర్డ్ సేమర్ అనే వ్యాపారి రూపొందించాడు. అప్పటి డబ్బాలలో తోసే వాయువుగా వాడిన క్లోరోఫ్లోరోకార్బన్లు ఓజోను పొరకు హాని చేస్తాయని తేలడంతో, 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం తరువాత వాటిని విడిచిపెట్టారు. నేడు ఉండేవి ప్రొపేను, బ్యూటేను, డైమిథైల్ ఈథరు వంటివి. ఇవి వంటగ్యాసు సిలిండరులోవలె ద్రవంగా ఉండి, పైన ఖాళీలో తమ బాష్పపీడనాన్ని నిలుపుతాయి. ద్రవం కాస్త మిగిలి ఉన్నంతకాలం, ఉష్ణోగ్రత మారకపోతే, పీడనం దాదాపు తగ్గదు. కాని ఎడతెగక నొక్కితే ద్రవం ఆవిరి కావడానికి కావలసిన వేడి డబ్బా నుంచే పోయి చేతికి చల్లగా తగులుతుంది; పీడనం తగ్గి, తుంపర మోటుగా వస్తుంది. డబ్బాను ఊపినప్పుడు టకటకమనే గోళీ అడుగుకు దిగిన రేణువులను కలపడానికే.

డబ్బాను సుమారు ఒక జానెడు దూరంలో కదుపుతూ, పలుచని వరసలు వేసి, మధ్య పది నిమిషాలు ఆరనివ్వవలె. దూరం ఎక్కువైతే తుంపర గాలిలోనే సగం ఆరి, నారింజ తొక్కలా గరుకుగా దిగుతుంది. దగ్గరైతే కారిపోతుంది, రెక్సిను మీది సన్నని గీతల గరుకు కూడా పూడిపోతుంది. కాకినాడ వంటి సముద్రతీరపు ఊళ్ళలో వానకాలం ఈ పని పెట్టుకోకండి. వేగంగా ఆవిరయ్యే ద్రావణి తలాన్ని చల్లబరచడంతో గాలిలోని తేమ దాని మీద మంచులా దిగి, పాలపొర కడుతుంది.

మెరుపు కూడా రంగులో భాగమే. ఏ పెయింటు పైతలమైనా తన మీద నిలువుగా పడిన తెల్లని కాంతిలో సుమారు నూటికి నాలుగు వంతులు లోపలికి పోనీయక వెనుకకు పంపుతుంది. నునుపైన తలం ఆ తెలుపును ఒకే దిక్కుకు పంపుతుంది. గరుకు తలం అన్ని దిక్కులకూ చల్లి రంగులో కలుపుతుంది. అందుచేత ఒకే పెయింటు మెరిసేటప్పుడు ముదురుగా, మెరవనప్పుడు లేతగా కనిపిస్తుంది. పాళ్ళు ఎంత సరిగా కుదిరినా మెరుపు కుదరకపోతే జోడీ కుదరదు. తడి రంగును చూసి నిర్ణయించడం కూడా పొరపాటే.

తుంపరను పీల్చడం ప్రమాదం. గుడ్డ మాస్కు రేణువులను కొంతవరకు ఆపినా ద్రావణుల ఆవిరిని ఆపదు. దానికి ఉత్తేజిత బొగ్గు అమర్చిన మాస్కు కావలె. దగ్గరలో నిప్పు ఉండరాదు. ఐసోసయనేటుతో గట్టిపడే రెండు భాగాల పెయింటును ఇంట్లో పిచికారీ చేయనే కూడదు. విద్యార్థులు పైన చెప్పిన నీటి పరీక్షలూ, సి.డి. పరీక్షా చేస్తే చాలు.

ఏ రంగుకు జతపరచవలె, కొన్ననాటిదానికా, నేటి వెలిసినదానికా? ఒక్క భాగాన్నే మార్చేటప్పుడు పక్కనున్న వెలిసినదానితో కలపవలె, లేకుంటే కొత్త అతుకులా కనిపిస్తుంది. అన్నీ కలిపి వేసేటట్లయితే ఎండ సోకని ముక్కే ఆధారం. మేము రెండవ పద్ధతినే ఎంచుకొని, పెసరరంగు పలకలను జాగ్రత్తగా తుడిచివేసి, సీట్లతో సహా అన్నిటికీ మళ్ళీ మొదలుపెట్టాము. ఈసారి ఐరన్ ఆక్సైడులతో రంగు కలిపి, అట్టముక్కల మీద ఆరబెట్టి, ఎండలో, వసారా నీడలో, తీగ బల్బు కింద, ఎల్.ఇ.డి. కింద నాలుగు చోట్లా చూశాను. తొడుగు వెనుక కనిపించనిచోట రంగు వేసి, ఆరిన తరువాత బ్లేడుతో గళ్ళుగా గీసి, టేపు అంటించి లాగాను. ఒక్క గడి కూడా ఊడిరాలేదు.

ఇప్పుడు ఎండలో పలకలూ, తొడుగూ, సీట్లూ కలిసి ఉంటాయి. రాత్రిపూట పెట్రోలు బంకు దీపాల కింద మాత్రం తొడుగు ఒక వన్నె ఎరుపుగా కనిపిస్తుంది. అది నాకే తెలుస్తుందనుకొన్నాను గాని, మొన్న మామయ్యగారు కూడా దాని వైపు చూపించి నవ్వారు. గేరు దగ్గరి అరకు మళ్ళీ రంగు వేయలేదు. నల్లగానే ఉన్నది, అందులో ఆయన కళ్ళజోడు పెట్టె పెట్టుకొంటున్నారు.